ఇనుము లేని తుప్పు

నీలాటిపేట జంక్షన్‌లో రైల్వే శిక్షణ పాఠశాల ఉంది. అందులో ఒక నమూనా గది ఉంది. ఆ గదిలో అద్దాల పెట్టెలో, చిన్న పట్టాలమీద, ఇరవై నాలుగు ప్లాస్టిక్ గూడ్సు వ్యాగన్లు నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటి జానెడు పొడవు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళకి వ్యాగన్ అంటే ఏమిటో చూపించడానికి వాటిని తెప్పించారు. కిటికీ తెరిస్తే యార్డులో మూడు వందల పన్నెండు అసలు వ్యాగన్లు కనిపిస్తాయి కదా, వాటినే చూపించవచ్చు కదా అని అడిగే రకం మనుషులు రైల్వేలో పైకి రారు.

ఏటా తనిఖీ వస్తుంది. తనిఖీకి ముందు బొమ్మలకి ఒక పూత రంగు వేస్తారు. పాత రంగు గీకించాలంటే వేరే మంజూరు కావాలి గనక గీకించరు. అలా పందొమ్మిది తనిఖీలకి పందొమ్మిది పూతలు పడ్డాయి. మొదట రివెట్లు మునిగాయి. తరవాత గడియలు మునిగాయి. చివరికి తలుపులే మునిగిపోయాయి. ఒక ఏడాది పరీక్షలో కుర్రాళ్ళంతా 'గూడ్సు వ్యాగనుకు తలుపులు ఉండవు' అని రాస్తే అందరూ పాసయ్యారు. దిద్దిన మాస్టారు కూడా ఆ గదిలో చదువుకున్నవాడే.

ఆ పూతల్లో చివరి పదకొండూ వేసింది ఏసుపాదం. వ్యాగన్ డిపోలో పెయింటరు. ముప్పై ఎనిమిదేళ్ళుగా వ్యాగన్ల మీద నంబర్లూ, బరువులూ, తేదీలూ రాస్తున్నాడు. అతను రాసిన మూడంకె కాశ్మీరు దాకా వెళ్ళొచ్చిందని డిపోలో గొప్పగా చెప్పుకుంటారు. రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది. సర్వీసు పుస్తకంలో ఇంతవరకూ ఒక్క మచ్చ లేదు, అలాగే దిగిపోవాలన్నది అతని ఏకైక కోరిక. ఆ బొమ్మల దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం తలొంచుకునేవాడు. తను పూతవేసిన ప్రతిసారీ ఏదో ఒకదాన్ని ముంచేశానని అతనికి తెలుసు.

ఆ ఏడు తనిఖీకి అదనపు ముఖ్య అధికారి త్రివిక్రమరావుగారు వచ్చారు. అంతకు వారం ముందే ఆయన సెల్‌ఫోనులో ఏదో దేశంవాళ్ళు బొమ్మ రైళ్ళకి మరకలు పెట్టుకుంటున్న వీడియో చూశారు.

"ప్రిన్సిపాల్‌గారూ, ఇందులో వాస్తవికత ఎక్కడ?" అన్నారు అద్దంమీద వేలు ఆనించి. "ఇవి పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. వీటికి ఎండ తగలాలి, వాన తగలాలి, తుప్పు పట్టాలి. దీన్ని వెదరింగ్ అంటారు. నెలరోజుల్లో సంపూర్ణ వెదరింగ్ జరిగి నాకు నివేదిక అందాలి."

ప్రిన్సిపాల్ కూర్మనాథంగారు 'చిత్తం' అని రాసుకున్నారు. భాషా విభాగం ఆ మాటని 'వాతావరణీకరణ' అని తెలుగు చేసి ఉత్తర్వు పంపింది. ఉత్తర్వు నకలు చూసిన విద్యుత్ విభాగంవాళ్ళు వాతావరణం అంటే తమదే అనుకుని, మర్నాడే వచ్చి నమూనా గదికి రెండు ఏసీలు బిగించి వెళ్ళారు. ఇదేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే పట్టుకుపోతారని భయం.

అసలు పని ఏసుపాదం నెత్తిన పడింది. పడిందనకూడదు, అతను ఎగిరి పట్టుకున్నాడు. పందొమ్మిది పూతలూ ఊడదీసే అనుమతి చేతికి రావడం అతనికి పండగలా ఉంది. అయితే థిన్నరు వాడితే ప్లాస్టిక్కే కరిగిపోతుంది. ఇంట్లో పాత సబ్బుపెట్టె మీద ఒక చుక్క వేసి చూస్తే అది మైనంలా కూలబడింది. ఊళ్ళో స్కూటర్ల మెకానిక్ ఒకడు బ్రేక్ ఆయిల్ పడితే రంగు ఊడుతుంది, ప్లాస్టిక్ మిగులుతుంది అని చెప్పాడు. నానబెట్టాక మెత్తగా తోమడానికి టూత్ బ్రష్‌లు కావాలి. ఏసుపాదం ఇరవై నాలుగు టూత్ బ్రష్‌లకి అర్జీ పెట్టాడు.

స్టోర్సు గుమాస్తా అర్జీని రెండుసార్లు చదివాడు.

"ఎవరి పళ్ళకండీ?"

"పళ్ళకి కాదండి, వ్యాగన్లకి."

"వ్యాగన్లకి వైరు బ్రష్ ఇస్తాం. టూత్ బ్రష్ అంటే దంతవైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. లేదా వ్యాగన్లకి పళ్ళున్నాయని మీ డిపో రాసివ్వాలి."

అర్జీ 'పరిశీలనలో ఉన్నది' అయింది. ఏసుపాదం ఇంటికి వెళ్ళి, భార్య రాహేలమ్మ గాజులు కడగడానికి దాచుకున్న పాత బ్రష్‌లు పట్టుకొచ్చాడు.

ఒకరోజంతా నానిన వ్యాగన్‌ని తీసి సబ్బునీళ్ళలో తోముతుంటే రంగు పొరలు పొరలుగా లేచింది. ఆకుపచ్చ కింద గోధుమ, దాని కింద నీలం. ప్రతి పొరా ఒక అధికారి అభిరుచి. అడుగున తలుపు కనిపించింది. తలుపుకి గడియ, గడియకి మేకు, పక్కన మనిషి ఎక్కడానికి మూడు మెట్లు, అగ్గిపుల్లలో సగం లేవు ఒక్కోటి. ఏసుపాదానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదకొండేళ్ళుగా తను పూడ్చిపెట్టినవన్నీ చెక్కుచెదరకుండా లోపలే ఉన్నాయి.

ఇక తుప్పు. ఊహించి పెట్టడం అతనికి ఇష్టం లేదు. నోటు పుస్తకం పట్టుకుని యార్డులోకి వెళ్ళాడు. ఒక్కో బొమ్మకి ఒక్కో అసలు వ్యాగన్‌ని ఎంచుకుని, నంబరుతో సహా, ఎక్కడ తుప్పుందో, ఎక్కడ సిమెంటు చారిందో బొమ్మ గీసుకున్నాడు. 31417 నంబరు దగ్గరుండగా షంటింగ్ చేసే నూకరాజు వచ్చాడు. ఇంజను వ్యాగన్లని అటూ ఇటూ తోస్తుంటే పక్క మెట్టు మీద నిలబడి జెండా ఊపడం అతని పని.

"ఆ కింద మెట్టు కూడా గియ్యి బాబాయ్," అన్నాడు నూకరాజు. "సూడు, ఏలెడితే ఊసిపోతంది. మూడుసార్లు సెప్పినాను. కదిలే బండిమీద దానిమీద కాలెట్టాలంటే పేనం జల్లుమంటంది."

ఏసుపాదం మెట్టుని వేలితో నొక్కాడు. ఇనుము పొట్టు రాలింది. దాన్నీ గీసుకున్నాడు.

ఇటుక పొడి, లాంతరు మసి, సిమెంటు నీళ్ళు, చిన్న స్పాంజి ముక్క. మూడువారాలు కూర్చున్నాడు. బొమ్మలు పూర్తయ్యాక వాటిమీద అసలు వాటి నంబర్లు, ఖాళీ బరువు 22.47 టన్నులు, మరమ్మతు తేదీ, అన్నీ సన్నటి కుంచెతో రాశాడు. భూతద్దంలోంచి చూస్తే 31417 మెట్టు ఊడిపోయేలా ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో అంత మంచి పని చెయ్యలేదని అతనికే అనిపించింది. నూకరాజు వచ్చి చూసి, ఆ బొమ్మని ముట్టుకోడానికి జంకాడు.

సరిగ్గా అప్పుడే 'తుప్పు రహిత పక్షోత్సవాలు' వచ్చాయి. పదిహేను రోజుల్లో తుప్పు అన్నది లేకుండా చెయ్యాలి. నీలాటిపేట యార్డులో తుప్పు పట్టిన వ్యాగన్లు సున్నా అని మొదటి రోజే నివేదిక వెళ్ళిపోయింది. సంతకం చేసింది తుప్పు నిర్మూలన ప్రత్యేకాధికారి. ఆయనెవరో కాదు, త్రివిక్రమరావుగారే. నివేదిక వెళ్ళాక తనిఖీ చెయ్యాలి గనక ఆయనే స్వయంగా వచ్చారు.

అది మే నెల. యార్డులో పట్టాలు కాలుతున్నాయి. ఎక్కడైనా కొంచెం చల్లగా ఉన్నచోట తనిఖీ చేద్దామన్నారు. జంక్షన్ మొత్తంమీద రెండు ఏసీలున్న గది ఒక్కటే.

గదిలో అడుగుపెట్టగానే ఆయన ఆగిపోయారు. రిజిస్టరు తెప్పించారు. 'వ్యాగన్లు: 24' అని ఉంది. బొమ్మలనిగానీ ప్లాస్టిక్ అనిగానీ ఎక్కడా లేదు.

"ఇరవై నాలుగుకి ఇరవై నాలుగూ తుప్పు," అన్నారు. "ఇది నా పక్షోత్సవాల మీద కుట్ర."

"అది తమరి ఉత్తర్వేనండి," అన్నాడు ఏసుపాదం, కాగితం చూపిస్తూ. "తుప్పు పట్టాలన్నారు."

"ఆ ఉత్తర్వు నేను శిక్షణ పర్యవేక్షకుడి హోదాలో ఇచ్చినది. ఇప్పుడు తుప్పు నిర్మూలన హోదాలో వచ్చాను. ఆ హోదా ఏమందో ఈ హోదాకి తెలియాలంటే లిఖితపూర్వకంగా రావాలి."

పాడైపోయిన వ్యాగన్‌ని రైల్వేలో పాడైందనరు, 'సిక్' అయిందంటారు. సిక్ అయినదానిమీద సుద్దతో గుర్తు పెట్టి, యార్డు చివర సిక్ లైను మీదికి పంపించి బాగుచేస్తారు. వ్యాగన్లు పరీక్షించే మస్తాన్ వలీని పిలిపించారు. ఏసుపాదానికి పాతికేళ్ళ స్నేహితుడతను. సుద్దముక్కని చాకుతో సూదిమొనలా చెక్కుకుని, ఒక్కో బొమ్మమీద గుర్తు పెడుతూ, "తిట్టుకోకన్నా, నా ఉద్యోగం ఇది," అన్నాడు.

ఇరవై నాలుగు వ్యాగన్లనీ ఒక వెదురుబుట్టలో పెట్టి సిక్ లైను మొదట్లో దించారు. ముందో ఎర్రజెండా, వెనకో ఎర్రజెండా. సిక్ లైనులో పట్టేవి ఇరవై నాలుగే గనక, లైను నిండిపోయినట్టు పుస్తకంలో రాశారు. ఆ మధ్యాహ్నమే, నూకరాజు నాలుగోసారి మొత్తుకున్నాక, 31417కి మెట్టు మార్చమని అసలు వ్యాగన్ని సిక్ లైనుకి తోలుకొచ్చారు. ఖాళీ లేదని తిప్పి పంపించేశారు. ఎదురుగా అరకిలోమీటరు ఖాళీ పట్టా, మొదట్లో ఒక బుట్ట.

"నా మెట్టు సోటు నీ బుట్ట తినేసింది బాబాయ్," అన్నాడు నూకరాజు. కోపంగా అనలేదు. ఏసుపాదానికి ఆ పూట అన్నం సయించలేదు.

మూడోరోజున అభియోగపత్రం వచ్చింది. 'రైల్వే వారి ఇరువది నాలుగు వ్యాగన్లకు ఉద్దేశపూర్వకముగా, స్వహస్తములతో, తుప్పు పట్టించినందులకు నిన్ను ఉద్యోగమునుండి ఏల తొలగించరాదో తెలుపుము.' ఏసుపాదం దాన్ని రెండుసార్లు చదివాడు. అది తుప్పు కాదు, రంగు, కావలిస్తే పరీక్ష చేయించుకోండి అని జవాబు రాసిచ్చాడు.

పరీక్ష చేయించారు. ప్రయోగశాల నిజమే రాసింది: 'నమూనాలో ఇనుము ఆనవాలు ఏమాత్రమూ లేదు.'

ఏసుపాదం గండం గడిచిందనుకున్నాడు. భద్రతా విభాగం అలా అనుకోలేదు. వ్యాగన్‌లో ఇనుము లేదంటే ఆ ఇనుము ఎటుపోయినట్టు? తక్కెడ తెప్పించి తూచారు. ఒక్కొక్కటి నూట అరవై గ్రాములు. దానిమీద ముత్యాలకోవలా రాసి ఉన్నది 22.47 టన్నులు. తగ్గిన బరువు మొత్తం అయిదు వందల ముప్పై తొమ్మిది టన్నుల రెండు వందల డెబ్భై ఆరు కిలోల నూట అరవై గ్రాములు.

"చూడు పెద్దాయనా," అన్నాడు భద్రతా విభాగం ఇన్‌స్పెక్టరు మర్యాదగా. "బరువు రాసింది నువ్వేనా?"

"నేనేనండి."

"అంటే రాసేటప్పటికి అంత బరువూ ఉండుండాలి. లేకపోతే ఎలా రాస్తావు? మిగతా ఇనుము ఎక్కడుందో చెబితే కేసు తేలికవుతుంది."

ఇల్లు సోదా చేశారు. ఒక బీరువా, ఒక పెనం, రెండు అట్లకాడలు దొరికాయి. అన్నీ కలిపినా అయిదు వందల టన్నులు కాదుగానీ, ఆధారం ఆధారమే అని పట్టుకుపోయారు. రాహేలమ్మ గుమ్మంలో నిలబడి, "బీరువా పోతే పోయింది, పెనమైనా ఇవ్వండి, పొద్దుటికి దోసెల పిండి రుబ్బేశాను," అంది. ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు: 'నిందితుని భార్య ఇనుముపై ఆసక్తి కనబరచినది.'

విచారణ కూడా ఆ ఏసీ నమూనా గదిలోనే. త్రివిక్రమరావుగారే మధ్య కుర్చీలో కూర్చున్నారు. ఈసారి విచారణాధికారి హోదా. ఏసుపాదం వేరే ఏమీ మాట్లాడకుండా తన నోటు పుస్తకం బల్లమీద పెట్టాడు.

"నేను సొంతంగా ఒక్క మరక కూడా పెట్టలేదండి. ప్రతీదీ చూసి గీసిందే. ఏ వ్యాగన్‌కి ఎక్కడ తుప్పుందో నంబరుతో సహా రాసుకున్నాను. కిటికీ తీస్తే కనిపిస్తాయి. తమరే చూడొచ్చు."

త్రివిక్రమరావుగారు పుస్తకం తిప్పారు. ఇరవై నాలుగు నంబర్లు, తేదీలు. సున్నా అని తను సంతకం చేసిన తేదీకి ముందువి. బొమ్మల తుప్పు చూసి గీసిందైతే అసలు వ్యాగన్లకి తుప్పున్నట్టు. అసలు వాటికి తుప్పుంటే తన నివేదిక అబద్ధం. ఆయన పుస్తకం మూసి, లేచి, కిటికీ తెర వేసి వచ్చి కూర్చున్నారు.

మర్నాడు కొత్త కాగితం తయారైంది. 'నీలాటిపేట యార్డు నందలి మూడు వందల పన్నెండు వ్యాగన్లపై తుప్పువలె కనుపించునది తుప్పు కాదు. అది వాతావరణీకరణలో భాగముగా పెయింటరు ఏసుపాదముచే చిత్రింపబడిన కళాత్మక వర్ణలేపనము.' కింద రెండు గళ్ళు. ఒకదాంట్లో 'పరిశీలించి ధ్రువీకరించితిని' అని త్రివిక్రమరావుగారి సంతకం అప్పటికే ఉంది. రెండోది ఏసుపాదానిది.

"సంతకం పెట్టెయ్యవయ్యా," అన్నారు కూర్మనాథంగారు పక్కకి పిలిచి. "అభియోగం ఎత్తేస్తారు. పురస్కారం ఇస్తారట, శాలువా కూడా. మచ్చ లేకుండా దిగిపోతావు. మీ ఆవిడ పెనం తిరిగొస్తుంది."

ఏసుపాదం కలం తీశాడు. తియ్యలేదని చెబితే అబద్ధం అవుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళ పేరు ఒక్క సంతకంతో మిగులుతుందంటే ఎవరికైనా చెయ్యి ముందుకి వెళుతుంది. పేరులో మొదటి అక్షరం రాయబోతూ అతనికి నూకరాజు మాట గుర్తొచ్చింది. ఈ కాగితం మీద తను సంతకం చేస్తే ఆ మెట్టు మెట్టు కాదు, బొమ్మ అయిపోతుంది. బొమ్మని ఎవరూ బాగుచెయ్యరు. దానిమీద మాత్రం రోజూ నూకరాజు కాలు పెడతాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

కలానికి మూత పెట్టి, "పెడతానండి," అన్నాడు నెమ్మదిగా. "ఆ పురస్కారమేదో యార్డులోనే, 31417 దగ్గర ఇప్పించండి. దొరగారు స్వయంగా వ్యాగన్ ఎక్కి నా కళ గురించి రెండు మాటలు చెబితే, కిందే నిలబడి సంతకం పెట్టేస్తాను."

ఫోటోగ్రాఫరు కూడా వస్తాడని తెలిశాక త్రివిక్రమరావుగారు వెంటనే ఒప్పుకున్నారు.

షామియానా వేశారు. వ్యాగన్‌కి బంతిపూల దండ కట్టారు. ఆయన ప్రసంగం మొదలుపెట్టి, "ఈ మరకలలోని జీవకళను తిలకించుడు. సామాన్య నేత్రమునకు ఇది తుప్పే అనిపించును," అంటూ మెట్టుదాకా వచ్చి ఆగారు. మెట్టుని చూశారు. అంచున పొట్టు లేచి ఉంది. అవతలి పక్క వెలుతురు మెట్టులోంచి కనిపిస్తోంది.

"ఎక్కండి బాబూ," అన్నాడు నూకరాజు చేతులు కట్టుకుని. "రంగే కదా. నాను రోజూ ఎక్కతాను."

ఆయన ఏసుపాదం వంక చూశారు. ఏసుపాదం కలం మూత తీసి, కాగితం అట్టమీద పెట్టుకుని, ఎదురు చూస్తున్నాడు. ఫోటోగ్రాఫరు ఒక కన్ను మూశాడు. ఎక్కకపోతే అది తుప్పని తనే ఒప్పుకున్నట్టు. త్రివిక్రమరావుగారు ఎడమకాలు పెట్టారు. మెట్టు చప్పుడు కూడా చెయ్యకుండా ఊడి కిందపడింది. దండతో సహా ఆయన దానిమీద పడ్డారు.

లేవదీసేటప్పటికి చీలమండ తాటిముంజంత వాచింది. స్ట్రెచరు మీద కూడా ఆయన, "అది తుప్పు కాదు," అంటూనే ఉన్నారని మస్తాన్ వలీ చెబుతాడు.

సగం సంతకాలున్న ఆ కాగితం అలాగే పై ఆఫీసుకి వెళ్ళింది. అక్కడివాళ్ళు ప్రత్యేకాధికారి ధ్రువీకరణని అక్షరాలా ఆమోదించారు. తుప్పు రంగే అయితే పెయింటరు మీద అభియోగం నిలవదు. బరువు కూడా రాసిన రంగే గనక దొంగతనమూ లేదు. ఏసుపాదం మీద కేసులు కొట్టేశారు, పెనం తిరిగొచ్చింది. బుట్ట మళ్ళీ నమూనా గదికి చేరింది. ఇంకో అధికారి ఎక్కడ ఎక్కుతాడో అన్న భయంతో, వారంలోగా వెల్డింగ్ సెట్టు పట్టుకుని మనుషులొచ్చి యార్డులో మెట్లన్నీ మార్చేశారు. పుస్తకంలో ఆ పనిని 'చిత్రముల పునరుద్ధరణ' అని రాసుకున్నారు. నూకరాజు కొత్త మెట్టుమీద రెండుసార్లు గెంతి చూసుకున్నాడు. ఏసుపాదం సంతకం పెట్టాల్సిన గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

త్రివిక్రమరావుగారు కాలు విరిగిందని ఆరు వారాలు సెలవు కోరుతూ అర్జీ పెట్టుకున్నారు. పదిరోజుల తరవాత జవాబు వచ్చింది, చిన్న పొట్లంతో సహా.

'తమరే ధ్రువీకరించిన ప్రకారం సదరు మెట్టుపై తుప్పు లేదు. తుప్పు లేని మెట్టు విరగదు. విరగని మెట్టు మీదినుంచి పడుట జరగదు. కావున తమ కాలిపై వాపువలె కనుపించునది వాపు కాదు, వర్ణలేపనముగా భావించడమైనది. కడిగివేసుకుని తక్షణమే డ్యూటీకి హాజరు కావలెను.

జతపరచినది: టూత్ బ్రష్, ఒకటి.'